పక్షవాతము: మరల నేర్వవలసిన నడక

మానవుడు నడకను శైశవమున ఒకసారి నేర్చుకొనును. పక్షవాతము సోకినవాడు దానిని రెండవసారి నేర్చుకొనవలసి వచ్చును. ఈ రెండవ చదువునకు ఓర్పు, క్రమము, సరియైన బోధకుడు కావలెను.

జంషెడ్‌పూరునకు పడమట, సరాయికేలా-ఖర్సావాన్ జిల్లాలో గమ్హరియా కలదు. ఆదిత్యపూరు పారిశ్రామికవాడకు చేరువనున్న ఈ ప్రాంతమున అనేక కుటుంబములు కర్మాగారముల జీతముపై ఆధారపడి జీవించుచున్నవి. ఇనుప కర్మాగారములో పనికై శ్రీకాకుళము, విశాఖపట్టణము సీమలనుండి తరలివచ్చిన తెలుగువారును తరతరములుగా జంషెడ్‌పూరు పరిసరములలో స్థిరపడియున్నారు. ఇట్టి ఇంటిలో సంపాదించు మనిషికి కాలు చచ్చుబడినచో ఇంటిల్లిపాదికి జీవనము దుర్భరమగును. ఆ మనిషి మరల నడచుటపైననే ఆ ఇంటి జీవనోపాధి ఆధారపడియుండును.

లోపమెక్కడ?

కాలు కదలకున్నను లోపము మెదడునందున్నది. మెదడులోని రక్తనాళము గడ్డచే మూసుకొనినను, చిట్లినను, ఆ భాగము దెబ్బతినును. మెదడు కుడివైపు దెబ్బతిన్నచో శరీరమున ఎడమ ప్రక్క, ఎడమవైపు దెబ్బతిన్నచో కుడి ప్రక్క చచ్చుబడును. మూతి వంకరపోవుట, చేయి పట్టుతప్పుట, మాట తడబడుట అకస్మాత్తుగా కనిపించిన తక్షణమే 108 అంబులెన్సును పిలువవలెను. గడ్డను కరిగించు మందును సాధారణముగా నాలుగున్నర గంటలలోపల ఇయ్యవలసియుండును. పావురపు నెత్తురు పూయుటవలనను, నాటుమందులకై ఊరూర తిరుగుటవలనను ఆ విలువైన కాలము వ్యర్థమగును.

నశించిన మెదడు కణములు తిరిగి రావు. అయినను వాని పనిని మెదడులోని మిగిలిన భాగములు కొంతవరకు నేర్చుకొనగలవు. ఒకే కదలికను సరియైన రీతిలో వందలసార్లు చేయుటవలననే ఈ విద్య అలవడును.

అభ్యాస క్రమము

ఎప్పుడు లేపవలెనో వైద్యుడే నిర్ణయింపవలెను. మొదటి 24 గంటలలోనే రోగిని పలుమార్లు, ఎక్కువసేపు లేపుటవలన మేలుకంటె కీడే కలిగినదని ఐదు దేశములలో జరిగి 2015లో ప్రకటితమైన పరిశోధనలో తేలినది. పడకలో ఉన్నంతకాలము రెండు గంటలకొకసారి ప్రక్క మార్చవలెను. మ్రింగగలుగుచున్నాడో లేదో పరీక్షింపకముందు నోటికి నీరైనను ఇయ్యరాదు.

పిమ్మట మంచముపై దొర్లుట, పాదములు నేలకు ఆనించి కూర్చుండుట, కుర్చీనుండి లేచుట, రెండు కాళ్లపై సమముగా బరువుంచి నిలుచుట, అడుగు వేయుట అను వరుసలో అభ్యాసము సాగవలెను. చచ్చుబడిన చేయి పట్టి లాగి లేపరాదు. భుజపు కీలు జారును. చేతికఱ్ఱను బలముగల చేతితో పట్టవలెను. మెట్లు ఎక్కునపుడు మంచి కాలు, దిగునపుడు బలహీనమైన కాలు ముందు వేయవలెను. పాదము వ్రేలాడి నేలకు తగులుచున్నచో చీలమండకు తగిన పట్టీ వైద్యుని సలహాపై వాడవలెను. ఇంటిలో నేల తడిగా ఉండరాదు. వదులు చెప్పులు పనికిరావు. మరుగుదొడ్డిలో పట్టుకొనుటకు కమ్మి అమర్చవలెను.

యంత్రము లేనిచో?

ఖరీదైన యంత్రములు లేక నడక రాదేమోయని పలువురు దిగులుపడుదురు. అమెరికాలో 408 మంది రోగులపై జరిగి 2011లో ప్రకటితమైన పరిశోధన ఈ దిగులును తీర్చుచున్నది. అందు కొందరికి శరీరభారమును పట్టీలతో మోయు నడక యంత్రముపై శిక్షణ ఇచ్చిరి. మరికొందరికి ఫిజియోథెరపిస్టు ఇంటికి వచ్చి, బలమునకు, నిలకడకు వ్యాయామములు చేయించెను. ఏడాది నాటికి ఉభయులును సమానముగనే మెరుగుపడిరి. మొత్తముమీద 52 శాతము మందికి నడక స్థాయి పెరిగినది. యంత్రశిక్షణను ఆరు నెలల తరువాత మొదలుపెట్టినవారును వెనుకబడలేదు.

అట్లని శిక్షకుడు అక్కరలేదనుకొనరాదు. మనదేశమున 14 ఆసుపత్రులలో 1,250 మందిపై జరిగి 2017లో ప్రకటితమైన పరిశోధనలో, బంధువులకు తర్ఫీదు ఇచ్చి ఇంటివద్ద అభ్యాసము చేయింపగా, ఆరు నెలలకు సాధారణ చికిత్స పొందినవారికంటె అదనపు మేలు కనబడలేదు. కావున కుటుంబము ప్రతిదినము తోడుండవలెను. ఫిజియోథెరపిస్టు తరచు చూచి, తప్పులు దిద్ది, అభ్యాసమును పెంచుచుండవలెను.

నెలల తరబడి పనికి పోలేని కార్మికునికి ఈ.ఎస్.ఐ. బీమా ఉన్నచో కొంత ఆధారము కలదు. ఒక ప్రక్క చచ్చుబడు పక్షవాతము దీర్ఘవ్యాధుల జాబితాలో చేరియున్నది. సర్వీసు మొదలగు నిబంధనలకు లోబడి వేతనములో 80 శాతము భృతి రెండేండ్లవరకు పొందవచ్చును. ఆదిత్యపూరులో ఈ.ఎస్.ఐ. ఆసుపత్రి కలదు, అచట విచారింపవలెను.

రెండవసారి పక్షవాతము వచ్చినచో నేర్చినదంతయు నష్టమగును. రక్తపోటు మాత్రలను వైద్యుడు చెప్పనిదే మానరాదు. చక్కెరను అదుపులో ఉంచవలెను. ఖైనీ, బీడీ, సిగరెట్టు పూర్తిగా విడువవలెను. రోగి ఎప్పుడును విచారముగా ఉండి, వ్యాయామమునకు విముఖుడైనచో దానిని సోమరితనమని నిందింపరాదు. మనోవ్యాకులత ఈ జబ్బును వెన్నంటివచ్చు వ్యాధియే. దానికిని చికిత్స ఉన్నది.

అందరికిని పూర్వపు నడక రాకపోవచ్చును. అయినను మంచమునుండి కుర్చీకి, కుర్చీనుండి గుమ్మమునకు తనంత తాను పోగలిగినవాడు తన పనులు కొంతవరకైనను తానే చేసికొనగలడు. ఆ మేరకు ఇంటివారి భారము తగ్గును.