బి.ఏ.లో సంగీతం చదవవచ్చా?

ఏటా ఇంటర్ ఫలితాలు రాగానే మన హాస్టల్ గదుల్లో ఒకటే చర్చ: కంప్యూటర్సా, కామర్సా, బి.ఏ.నా అని. ఆ చర్చలో సంగీతం మాట ఎవరి నోటా రాదు. విచిత్రమేమిటంటే, ఏప్రిల్ 14న జయంతి ఊరేగింపులో డప్పు కొట్టేవారు, వార్షికోత్సవానికి పాట కట్టేవారు, చర్చిలోనో భజనలోనో హార్మోనియం నేర్చినవారు మన మధ్యే ఉంటారు. అది కూడా డిగ్రీలో చదువుకునే విషయమేనని వారికి చెప్పేవారే లేరు. పూర్వ విద్యార్థులమైన మేము తెలుసుకున్నంత వరకు తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఇక్కడ చెబుతున్నాము.

సంగీతం చదవడానికి మనకు బాగా తెలిసిన దారి సంగీత కళాశాల. విజయనగరంలో 1919లో మొదలైన కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. ఘంటసాల చదివింది అక్కడే. అక్కడ చదువంతా సంగీతం చుట్టూ తిరుగుతుంది, సాధనే ప్రధానం. విద్వాంసులు కావాలనుకునేవారికి అంతకంటే మంచి దారి లేదు.

రెండవ దారి లిబరల్ ఆర్ట్స్ డిగ్రీ. ఆర్ట్స్ అన్నారు కదా అని బొమ్మలు గీయడం అనుకోవద్దు. లెక్కలు, ఫిజిక్స్, చరిత్ర, ఆర్థికశాస్త్రం అన్నీ ఇందులో ఉంటాయి. విద్యార్థి ఒక ప్రధాన సబ్జెక్టు తీసుకొని, దానితో సంబంధం లేని ఇతర సబ్జెక్టులను కూడా చదువుతాడు. చాలాచోట్ల ప్రధాన సబ్జెక్టు ఏదో చేరిన రోజే తేల్చనక్కర లేదు. ఈ పద్ధతి మనకు మరీ కొత్తదేమీ కాదు. 1913 నుంచి 1916 వరకు న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో పై చదువు చదివిన బాబాసాహెబ్ అంబేద్కర్ ఆర్థికశాస్త్రంతో ఆగకుండా చరిత్ర, సమాజశాస్త్రం, తత్వశాస్త్రం, మానవశాస్త్రం కూడా తీసుకున్నారు. అదే విశ్వవిద్యాలయంలోని కొలంబియా కాలేజీలో 1947 నుంచి డిగ్రీ విద్యార్థులందరికీ, ఫిజిక్స్ వారికి సైతం, సంగీతం ఒక తప్పనిసరి కోర్సు. అమెరికాలోనే ఉన్న వెస్లియన్ విశ్వవిద్యాలయంలో 1963లో టి. రంగనాథన్ మృదంగం నేర్పడం మొదలుపెట్టారు. అక్కడ ఇతర సబ్జెక్టుల విద్యార్థులు కూడా కర్ణాటక సంగీతం నేర్చుకోవచ్చు, దానికి మార్కులూ ఉంటాయి. ఆ సంగీతంలో ఎక్కువ భాగం తెలుగు పాటే కదా!

ఇంతకీ ఏం చదువుతారు? పాడటం, వాయించడం ఒక భాగం మాత్రమే. ఉదాహరణకు 72 మేళకర్త రాగాలు ఎలా వచ్చాయో చూడండి. స, ప మారవు. మధ్యమం రెండు రకాలు. రి, గ కలిపి ఆరు జతలు, ద, ని కలిపి మరో ఆరు జతలు. రెండును ఆరుతో, మళ్లీ ఆరుతో హెచ్చిస్తే 72. ఇంటర్ ఎం.పి.సి. చదివినవారికి ఇది తెలిసిన లెక్కే, కాకపోతే రాగం పేరుతో ఎవరూ చెప్పలేదు. ఇక ఫిజిక్స్. బిగించిన తోలు మోగితే మామూలుగా స్వరాలు పొసగవు. మృదంగం మధ్యలో కరణి అనే నల్లని ముద్ద ఉండటం వల్ల అవి పొసుగుతాయని సి.వి. రామన్, శివకాళి కుమార్ 1920లోనే నేచర్ పత్రికలో వివరించారు. డప్పుకు కరణి లేదు. అందుకే మనవాళ్లు మంట దగ్గర కాచి తోలును బిగుతు చేసి స్థాయి పెంచుతారు. సిర్ర, చిటికెన పుల్ల వేర్వేరు శబ్దాలు పలికిస్తాయి. ఇది ప్రయోగశాలలో కొలవదగిన విషయం. ఇంతవరకు దీన్ని మనం చదువు కింద లెక్కించుకోలేదు.

సమాజశాస్త్రం వైపు నుంచి చూస్తే మరో ప్రశ్న వస్తుంది. ఆ మృదంగానికి తోలు ఎక్కించేది ఎవరు? టి.ఎం. కృష్ణ 2020లో ఆ వృత్తివారి గురించి 'సెబాస్టియన్ అండ్ సన్స్' అనే పుస్తకం రాశారు. తయారీదారుల్లో ఎక్కువమంది దళితులు, ముఖ్యంగా దళిత క్రైస్తవులు. పుస్తకావిష్కరణకు ముందు ఇచ్చిన హాలును చెన్నైలోని కళాక్షేత్రం రద్దు చేయగా సభ వేరేచోట జరిగింది. వాద్యం వేదిక మీద, చేసినవాడు వేదిక వెలుపల ఎందుకున్నాడన్న ప్రశ్న సాధన గదిలో పుట్టడం కష్టం. సంగీతం పక్కనే చరిత్ర, సమాజశాస్త్రం చదివేవారికి తప్పకుండా పుడుతుంది. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగిలయ్య గారికి 12 మెట్ల కిన్నెర వాదనకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. అటువంటి వాద్యాల గురించి రాసే పరిశోధకులు మన వాడల నుంచి రావాలన్నదే మా ఆశ.

మన దేశంలో 2020 జాతీయ విద్యావిధానం డిగ్రీలో మేజర్, మైనర్ సబ్జెక్టులకు, నాలుగేళ్ల ఆనర్స్‌కు దారి వేసింది. 2021లో క్రెడిట్ల బ్యాంకు వచ్చింది. ఒక క్రెడిట్ అంటే 15 గంటల పాఠం, ప్రాక్టికల్ అయితే 30 గంటలు. సంపాదించిన క్రెడిట్లు మన ఖాతాలో నిలువ ఉంటాయి. కాగితం మీద ఇదంతా బాగానే ఉంది. కానీ ప్రాస్పెక్టస్‌లో సంగీతం ఉండి, కాలేజీలో నేర్పేవారు లేకపోతే ప్రయోజనం లేదు. చేరేముందు నేరుగా వెళ్లి సంగీతం లెక్చరర్‌ను కలవండి. వాద్యాలు చూడండి. ఇంటి దగ్గర సంగీతం నేర్చుకోనివారికి మొదటి నుంచి చెబుతారా అని అడగండి. మనకు అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే.

"పాట కూడు పెడుతుందా?" అని ఇంట్లో నాన్న అడుగుతారు. అడగటంలో తప్పు లేదు. సివిల్స్‌కు, గ్రూప్స్‌కు సాధారణంగా ఏ డిగ్రీ అయినా చాలు. అయితే సివిల్స్ ఐచ్ఛికాల జాబితాలో సంగీతం లేదు. కనుక పక్కన చరిత్రో సమాజశాస్త్రమో గట్టిగా చదవాలి. కేంద్రీయ విద్యాలయాల్లో సంగీతం టీచరు పోస్టుకు సంగీతంలో డిగ్రీ అడుగుతారు. లెక్చరర్లు కావాలనుకుంటే యు.జి.సి. నెట్‌లో సంగీతం ఒక సబ్జెక్టు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. సంగీతం మైనర్‌గా మాత్రమే చదివితే ఆ పోస్టులకు అది సంగీత డిగ్రీ కింద చెల్లకపోవచ్చు. నోటిఫికేషన్‌లోని అర్హతను మాట మాటగా చదవండి. ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో ఫీజు లక్షల్లో ఉంటుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందో లేదో కాలేజీవారి మాట మీద కాక, సంక్షేమ శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి.

డిగ్రీకి ఇంకా రెండు మూడేళ్లు ఉన్నవారు సెలవుల్లో ఒక పని చేయవచ్చు. ఊళ్లో అమ్మమ్మ పాడే నాటు పాటనో, పెదనాన్న వేసే డప్పు దరువునో సెల్‌ఫోన్‌లో రికార్డు చేసి, పాడింది ఎవరు, ఏ ఊరు, ఏ సందర్భం, ఏ తేదీ అన్నది నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. లిబరల్ ఆర్ట్స్ కాలేజీకి దరఖాస్తు రాసే రోజున ఆ నోటుబుక్కు దగ్గర ఉంచుకోండి.