పాకం పట్టని పల్లీ మిఠాయి

పల్లీ ముద్దను ఉండలు చేసి, కరిగించిన చాక్లెట్‌లో ముంచి చల్లార్చే మిఠాయికి ఓవెన్ అక్కర్లేదు, పాకం పట్టే పనీ లేదు. పెన్‌పహాడ్, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఇళ్లలో అలవాటైన పల్లీ పట్టీ, పల్లీ ఉండలకు ఇది దగ్గరి చుట్టమే. అమెరికాలో హెచ్.బి. రీస్ 1928లో చాక్లెట్ గిన్నెల్లో పల్లీ ముద్ద నింపి అమ్మడం మొదలుపెట్టాక ఈ జోడీకి బాగా పేరొచ్చింది. పల్లీ ఉండలో గింజలను పట్టి ఉంచేది బెల్లం పాకం. ఇక్కడ ఆ పని పల్లీల్లోని నూనె చేస్తుంది. పల్లీ బరువులో దాదాపు సగం నూనే, నాలుగో వంతు ప్రోటీన్.

పావు కిలో పల్లీలకు 80 గ్రాముల చక్కెర పొడి, 50 గ్రాముల పాలపొడి, చిటికెడు ఉప్పు, పావు కిలో చాక్లెట్ కావాలి. దాదాపు 25 ఉండలు వస్తాయి. పల్లీల్లో ముడతలు పడ్డవి, రంగు మారినవి, బూజు వాసన వచ్చేవి ముందే ఏరిపారేయాలి. అలాంటి గింజల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండవచ్చు. వేయించినంత మాత్రాన అది పూర్తిగా పోదు.

పల్లీలను సన్న మంట మీద దోరగా వేయించి, చల్లారాక పొట్టు నలిపి చాటతో చెరగాలి. మిక్సీలో మొదట పొడి అవుతుంది, తిప్పేకొద్దీ నూనె వదిలి ముద్దవుతుంది. జార్ వేడెక్కకుండా మధ్యమధ్య ఆపాలి. నీళ్లు మాత్రం ఒక్క చుక్కా పోయకూడదు. చక్కెర నూనెలో కరగదు. మెత్తని పొడి కాకపోతే పంటికి తగులుతుంది. బెల్లం వాడాలనుకుంటే బాగా ఆరిన పొడే తీసుకోవాలి. అన్నీ కలిపాక ఉండలు కట్టి అరగంట ఫ్రిజ్‌లో ఉంచాలి.

చాక్లెట్‌ను నేరుగా మంట మీద పెడితే మాడుతుంది. వేడినీళ్ల గిన్నె మీద, నీళ్లకు తగలకుండా, మరో గిన్నె ఉంచి అందులో కరిగించాలి. కాస్త ఆవిరి తగిలినా, గరిటెకు తడి ఉన్నా చాక్లెట్‌లోని చక్కెర తడిసి గడ్డకడుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన ఉండలను ఐదు నిమిషాలు బయట ఉంచి ముంచాలి. మరీ చల్లగా ఉంటే పై పూత పగులుతుంది. ఫోర్క్‌తో ముంచి తీసి, బటర్ పేపర్ మీద పేర్చాలి.

ఏ చాక్లెట్ కొనాలన్నది ఎండను బట్టి తేల్చుకోవాలి. అసలు చాక్లెట్‌లోని కోకో వెన్న సుమారు 34 డిగ్రీలకే కరుగుతుంది. సూర్యాపేట జిల్లాలో వేసవి పగళ్లు 40 డిగ్రీలు దాటుతాయి. పైగా అసలు చాక్లెట్‌ను సరైన పద్ధతిలో చల్లార్చకపోతే పూత మీద తెల్లని చారలు తేలతాయి. తింటే హాని లేదు గానీ మెరుపు పోతుంది. కోకో వెన్నకు బదులు ఇతర వనస్పతి కొవ్వుతో చేసే కాంపౌండ్ చాక్లెట్ సులువుగా గట్టిపడుతుంది, కాస్త వేడికి ఓర్చుకుంటుంది. రుచిలో మాత్రం ఒక మెట్టు కిందే. కొత్తగా చేసేవారికి, వేసవికి అదే మేలు.

మూత బిగించిన డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే ఇవి రెండు వారాలు నిల్వ ఉంటాయి. పల్లీలు పడనివారికి కొద్దిపాటి ముక్క కూడా ప్రమాదమే కాబట్టి, పంచేటప్పుడు లోపల పల్లీలున్నాయని ముందే చెప్పాలి.