ఉద్దెర పాల బాకీలు - చట్ట ప్రకారం రాబట్టుకొనే మార్గం

సంఘ సభ్యులకు తెలిసిన విషయమే. కేంద్రానికి పంపే పాలు పోగా, హోటళ్ళకు, మిఠాయి దుకాణాలకు, హాస్టళ్ళకు, పెండ్లిండ్లకు స్థానికంగా అమ్మే పాలు కొన్ని వుంటాయి. నగదుకే అమ్మాలని పాలకవర్గం తీర్మానం చేసుకున్నా, ఊళ్ళో మొహమాటం కొద్దీ ఉద్దెర మొదలవుతుంది. ఆర్మూరులో పసుపు సీజను వచ్చిందంటే టీ హోటళ్ళకు గిరాకీ పెరుగుతుంది, పాల వాడకం పెరుగుతుంది, దానితోపాటే బాకీ పెరుగుతుంది. రోజుకు 20 లీటర్లు, లీటరు 60 రూపాయల చొప్పున తీసుకొనే హోటలు ఒక్క నెల పైసలు ఆపితే 36,000 రూపాయలు. పదిహేను రోజులకొకసారి సభ్యుల బిల్లు చెల్లించక తప్పదు గనుక, ఆ సొమ్ము ఇంకొకరి దాణా ఖర్చులోనుంచి పోతుంది.

మేము తనిఖీ చేసిన ఒక సంఘంలో ఇటువంటి బాకీ 41,000 రూపాయలు కనిపించింది. కార్యదర్శి నోటుబుక్కులో లీటర్లు, తేదీలు చక్కగా వ్రాసి వున్నాయి. కొన్నవారి సంతకం మాత్రం ఒక్కచోట కూడా లేదు. మేము వెళ్ళి అడిగితే హోటలు యజమాని బాకీ లేదనలేదు. "పసుపు అమ్ముడు పోనీయండి సారూ, ఇస్తా" అన్నాడు. ఆ మాట అది నాలుగో సంవత్సరం. వకీలు దగ్గరకు పోతే గడువు దాటిందన్నారు. ఇందులో మా తప్పు కూడా వున్నది. అంతకుముందు రెండు తనిఖీలలో ఆ పద్దు ఎదుట "వసూలు చేయవలెను" అని వ్రాసి పేజీ తిప్పినవాళ్ళం మేమే.

గడువు సంగతి సభ్యులు బాగా గుర్తుంచుకోవాలి. 1963 లిమిటేషన్ చట్టం ప్రకారం అమ్మిన సరుకు ధర కోసం మూడు సంవత్సరాల లోపల దావా వేయాలి. ఉద్దెరకు ఇన్ని రోజులని ముందుగా గడువు పెట్టుకోకపోతే, ఈ మూడేళ్ళు సరుకు అప్పగించిన రోజు నుంచి లెక్క. అంటే ప్రతి క్యాను పాలకు దాని లెక్క దానిదే. 2023 మార్చి 5న పోసిన పాలకు 2026 మార్చి 5తో, 6న పోసిన పాలకు మరునాటితో గడువు ముగుస్తుంది. బాకీ మొత్తం ఒక్కసారిగా మునగదు, కారే కుండలాగా రోజుకొక క్యాను పోతుంది. "నెల బిల్లు వచ్చిన పదిహేను రోజులలో చెల్లించాలి" వంటి షరతు వుంటే మాత్రం, ఆ పదిహేను రోజులు ముగిసిన తేదీ నుంచి మూడేళ్ళు లెక్కిస్తారు.

గడువు తీరకముందే బాకీదారు "ఇంత ఇవ్వవలసి వున్నది" అని వ్రాసి సంతకం చేస్తే, ఆ తేదీ నుంచి కొత్తగా మూడేళ్ళు మొదలవుతాయి. కొంత సొమ్ము జమ కట్టినా అంతే. అయితే ఆ చెల్లింపు అతని చేతివ్రాతలోనో, అతని సంతకమున్న కాగితం మీదనో కనపడాలి. కార్యదర్శి తన పుస్తకంలో "500 ముట్టినవి" అని వ్రాసుకుంటే చాలదు. గడువు తీరిన బాకీకి కూడా ఒక్క దారి వున్నది. ఇస్తానని అతడు వ్రాసి సంతకం చేసిస్తే, కాంట్రాక్టు చట్టం 25వ సెక్షను ప్రకారం ఆ వాగ్దానం చెల్లుతుంది. మేము చెప్పిన హోటలు యజమాని నోటితో పదిసార్లు ఒప్పుకున్నాడు గాని, కలం పట్టమంటే పట్టలేదు.

ఖాతా పుస్తకం చూపితే సరిపోదా అని చాలామంది అడుగుతారు. క్రమంగా వ్రాసిన లెక్కలు సాక్ష్యమే. కాని వాటి ఒక్కదాని మీదనే ఎదుటివాని నెత్తిన బాకీ మోపరాదని పాత సాక్ష్య చట్టంలో వుండేది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ అదే వున్నది. కాబట్టి పాలు ముట్టినట్లు సంతకమున్న కార్డో, చిట్టీయో తోడు వుండాలి. యార్డులో పసుపు అమ్మి తక్‌పట్టీ చేతికి రాందే కదలని రైతే, సంఘం పాలు ఉద్దెర పోయేటప్పుడు కాగితం ఏదని అడగడు. మాకు ఇది ఎప్పుడూ వింతగానే వుంటుంది.

ఇక ఎక్కడికి పోవాలి? బాకీదారు సంఘ సభ్యుడే అయి, సంఘం 1964 సహకార సంఘాల చట్టం కింద రిజిస్టరయినదైతే, 61వ సెక్షను కింద రిజిస్ట్రారు ముందు వివాదం పెట్టవచ్చు. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద వున్న సంఘాలు తమ ఉపనిబంధనలు చూసుకోవాలి. హోటలువారు, మిఠాయివారు సాధారణంగా సభ్యులు కారు గనుక వారి విషయం సివిలు కోర్టుదే. పోలీసు స్టేషనుకు పోయి లాభం లేదు. అప్పు వసూలు వారి పని కాదు.

చిన్న బాకీలకు వేరే కోర్టు వుండాలన్న ఆలోచన పాతదే. మన దేశంలో 1887లోనే స్మాల్ కాజ్ కోర్టుల చట్టం వచ్చింది. ఇంగ్లాండులో నేడు 10,000 పౌండ్ల వరకు సాధారణంగా ఈ చిన్న దావాల పద్ధతిలోనే విచారిస్తారు, వకీలు లేకుండానే నడుపుకోవచ్చు. మన సంఘాలకు దానికి దగ్గరగా అందుబాటులో వున్నది లోక్ అదాలత్. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం కింద, దావా వేయకముందే మండల న్యాయ సేవా కమిటీకి గాని నిజామాబాదులోని జిల్లా సంస్థకు గాని దరఖాస్తు ఇవ్వవచ్చు. కోర్టు ఫీజు లేదు. వారు ఎదుటివారిని పిలిపిస్తారు. రాజీ కుదిరితే ఇచ్చే అవార్డు సివిలు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. ఎదుటివాడు రాకపోయినా, ఒప్పుకోకపోయినా వారు బలవంతంగా తీర్పు చెప్పలేరు. ఆ వాయిదాలలో మూడేళ్ళ గడువు జారిపోకుండా చూసుకోవలసిన పని మనదే.

రాజీ కుదరకపోతే దావా. పాలకవర్గం తీర్మానం చేసి, సంఘం పేరుతో దావా వేయడానికి ఒకరికి అధికారం ఇవ్వాలి. బాకీదారు దుకాణం ఆర్మూరులో వుంటే ఆర్మూరు కోర్టులోనే వేయవచ్చు. ముందుగా నోటీసు పంపి, ఫలానా తేదీ నుంచి వడ్డీ కోరుతున్నామని అందులో వ్రాయడం మంచిది. వడ్డీ ఒప్పందం లేనప్పుడు 1978 వడ్డీ చట్టం కింద ఆ నోటీసు పనికివస్తుంది. పోస్టాఫీసు రశీదు ఫైలులో పెట్టాలి. ప్రాంసరీ నోటు గాని, వ్రాతపూర్వక ఒప్పందం గాని వుంటే 37వ ఆర్డరు కింద సంక్షిప్త దావాకు అవకాశం వున్నది. అందులో ప్రతివాది సమన్లు అందిన పది రోజులలో హాజరు తెలపాలి, వాదించడానికి కోర్టు అనుమతి తెచ్చుకోవాలి.

చెక్కు ఇచ్చి అది తిరిగివస్తే తేదీలు ఇంకా బిగువు. బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజులలో నోటీసు ఇవ్వాలి. అది అందిన 15 రోజులలో అతడు చెల్లించకపోతే, ఆపైన ఒక నెలలో ఫిర్యాదు వేయాలి. చెక్కును డ్రాయరులో పెట్టి మరచిన కార్యదర్శులను చూశాము. తేదీ నుంచి మూడు నెలలు దాటితే దానిని బ్యాంకు తీసుకోదు.

డిక్రీ వచ్చినంత మాత్రాన పైసలు రావు. అమలు దరఖాస్తు వేయాలి, అందుకు 12 సంవత్సరాల వ్యవధి వున్నది. అయితే జప్తు చేయడానికి ఎదుటివానికి ఏమైనా వుండాలి గదా! ఇంకొకచోట కిరాయి గదిలో టీ కొట్టు నడిపే మనిషి 18,000 బాకీ పడ్డాడు. అతని దగ్గర టీలు తాగిన హమాలీలు, బండ్లవాళ్ళు అతనికే బాకీ. దావా వేస్తామని పాలకవర్గం పట్టుబడితే మేము వద్దన్నాము. లోక్ అదాలత్‌లో మూడు వాయిదాలకు ఒప్పుకున్నాడు. రెండు సకాలానికి కట్టాడు, మూడవది నెల ఆలస్యంగా కట్టాడు. ఆ సంఘం ఇప్పుడు కూడా అతనికి పాలు పోస్తున్నది. ప్రతి నెల 1వ తేదీన నిలువ బాకీ చిట్టీ మీద సంతకం పెడితేనే ఆనాటి క్యాను దించుతారు.