ఊపిరితిత్తుల జబ్బు, కాలేయంలో చికిత్స

1960ల మొదట్లో స్వీడన్‌లోని మాల్మోలో కార్ల్-బెర్టిల్ లారెల్ అనే వైద్య శాస్త్రవేత్త రోగుల రక్త పరీక్షల పట్టీలు వరుసగా చూస్తున్నారు. రక్తంలోని ప్రోటీన్లు ఆ పట్టీల మీద వేర్వేరు గీతలుగా విడిపోతాయి. సుమారు 1,500 నమూనాల్లో ఐదింటిలో మాత్రం ఆల్ఫా-1 చోట గీత లేదు. యువ వైద్యుడు స్టెన్ ఎరిక్‌సన్ ఆరా తీస్తే, ఆ ఐదుగురిలో ముగ్గురికి చిన్న వయసులోనే ఎంఫసీమా ఉందని తేలింది. అంటే ఊపిరితిత్తుల్లోని గాలి తిత్తులు చెడిపోయి ఆయాసం ముదిరే జబ్బు.

వాళ్లలో కొరవడింది ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ అనే ప్రోటీన్. క్రిములతో పోరాడే తెల్ల రక్తకణాలు ఎలాస్టేజ్ అనే ఎంజైమ్‌ను వదులుతాయి. దాన్ని అదుపు చేసేది లేకపోతే అది మన ఊపిరితిత్తులనే తినేస్తుంది. అదుపు చేసేది ఈ ప్రోటీనే, తయారయ్యేది మాత్రం ఎక్కువగా కాలేయంలో. ఈ ప్రోటీన్ జన్యువులో 'జి' అనే డీఎన్ఏ అక్షరం ఉండాల్సిన ఒక చోట 'ఎ' పడటాన్ని జెడ్ లోపం అంటారు. అమ్మ నుంచీ నాన్న నుంచీ ఆ లోపమే వస్తే ప్రోటీన్ మడత తప్పి, కాలేయ కణాల్లోనే పేరుకుపోతుంది. అటు కాలేయం దెబ్బతింటుంది, ఇటు ఊపిరితిత్తులకు రక్షణ కరవవుతుంది. పొగతాగే అలవాటుంటే నష్టం మరీ వేగం.

ఇప్పుడున్న చికిత్సలో దాతల ప్లాస్మా నుంచి తీసిన ప్రోటీన్‌ను వారం వారం ఎక్కిస్తారు. దానివల్ల కాలేయానికి ఒరిగేదేమీ లేదు.

డీఎన్ఏ రెండు పోగులనూ తెంచకుండా, ఒక్క 'ఎ'ని 'జి'గా మార్చే బేస్ ఎడిటర్‌ను డేవిడ్ లియూ బృందం 2017లో ప్రకటించింది. ఈ జబ్బుకు అచ్చంగా కావలసింది అదే. ఆ ఎడిటర్‌ను తయారుచేసుకునే సూచనలను సన్నని కొవ్వు రేణువుల్లో పెట్టి సెలైన్‌లా నరంలోకి ఎక్కిస్తే, రేణువులు చాలావరకు కాలేయానికే చేరతాయి. 2025 మార్చిలో బీమ్ థెరప్యూటిక్స్ సంస్థ తొలి ఫలితాలు వెల్లడించింది. ఎక్కువ మోతాదు ఒక్కసారి తీసుకున్నవారి రక్తంలో ప్రోటీన్ సగటున రక్షణకు అవసరమైన స్థాయిని దాటింది. పరీక్షించినది కొద్దిమందినే కాబట్టి, ఏళ్ల తరబడి గమనించాల్సిందే.

ఊపిరితిత్తులను దెబ్బతీసే మరో జన్యు జబ్బు సిస్టిక్ ఫైబ్రోసిస్‌కు కాలేయం మీదుగా వెళ్లే ఈ దారి పనికిరాదు. అక్కడ సరిచేయాల్సింది శ్వాసనాళాల కణాలనే. వాటిపై చిక్కటి జిగురు పేరుకుని ఉంటుంది. పై కణాలు రాలి కొత్తవి వస్తుంటాయి కాబట్టి అడుగునున్న మూలకణాల్లోనే మార్పు జరగాలి. అందుకే నా దృష్టిలో అసలు చిక్కు అక్షరం దిద్దడంలో కన్నా, దిద్దే పరికరాన్ని అక్కడికి చేర్చడంలో ఉంది.

ఒకసారి పాడైన గాలి తిత్తులను జన్యు సవరణ తిరిగి మొలిపించలేదు. అందుకే లోపాన్ని ముందే గుర్తించడం ముఖ్యం. సీఓపీడీ, అంటే గాలి దారులు ఇరుకయ్యే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు, ఉన్న ప్రతి ఒక్కరికీ ఒక్కసారైనా ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ రక్తపరీక్ష చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.