క్యారెట్ నూనె – ఒకే పేరు, మూడు ద్రవ్యాలు: పరిమళ రచనలో, సుగంధ చికిత్సలో క్యారెట్ విత్తన తైలం

వ్యాససంగ్రహం:

క్యారెట్ విత్తనాల నుంచి ఆవిరి స్వేదనం ద్వారా తీసే సుగంధ తైలం సహజ పరిమళాల తయారీలోనూ, సుగంధ చికిత్సలోనూ వాడుకలో ఉంది. తెలుగులో ‘క్యారెట్ నూనె’ అనే ఒకే మాట ఈ తైలానికీ, విత్తనాలను పిండి తీసే కొవ్వు నూనెకూ, దుంపను నూనెలో కాచి చేసే ద్రవ్యానికీ వర్తిస్తోంది. ఒకదాని గుణాలను మరొకదానికి ఆపాదించడానికి ఈ పేరే కారణమవుతోంది. ఈ మూడింటినీ వేరుచేసి చూపడం, సుగంధ తైలం ఉపయోగాలను, దానిపై ప్రచారంలో ఉన్న వాదనల బలాబలాలను వివరించడం, తగిన తెలుగు పేర్లను సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: క్యారెట్ విత్తనాలు, సుగంధ తైలం, కెరోటాల్, గంధయుక్తి, సుగంధ చికిత్స, శాస్త్ర పరిభాష.

1. ఉపోద్ఘాతం:

శాస్త్ర విషయాలు తెలుగులోకి వచ్చేటప్పుడు మాట తప్పితే అర్థం తప్పుతుంది. ఆరోగ్యానికి సంబంధించిన విషయమైతే ఆ తప్పు పాఠకుని శరీరం మీద పడుతుంది. ‘క్యారెట్ నూనె ఎండ నుంచి చర్మాన్ని కాపాడుతుంది’ అన్న వాక్యాన్ని చదివినవారు ఏ సీసా కొనాలి? నారింజ రంగులో ఉండి ఒంటికి నేరుగా రాసుకోగలిగిన నూనెనా? చుక్కల లెక్కన పలచన చేసి మాత్రమే వాడవలసిన గాఢ తైలాన్నా? వాక్యం ఈ ప్రశ్నకు జవాబు చెప్పదు. ఈ సందిగ్ధతను పరిష్కరించాలంటే ముందుగా మొక్కను, ఆ తరువాత మాటను, ఆపైన రసాయన స్వభావాన్ని పరిశీలించాలి.

2. మొక్క – విత్తనం:

క్యారెట్ శాస్త్రీయ నామం డౌకస్ కరోటా. ఇది ఏపియేసీ కుటుంబానికి చెందినది. జీలకర్ర, ధనియాలు, వాము, సోంపు ఈ కుటుంబానివే. గొడుగు ఆకారంలో విచ్చుకునే పూగుత్తి ఈ కుటుంబానికి గుర్తు. మన పోపుల పెట్టెలో సగం వాసన ఈ ఒక్క కుటుంబం నుంచే వస్తుందని చెప్పవచ్చు.

కూరగాయగా సుపరిచితమైన క్యారెట్‌కు పువ్వు ఉంటుందన్న సంగతి చాలామంది దృష్టికి రాదు. దుంప కోసం పెంచే మొక్కను పూత రాకముందే పీకేస్తారు. పైగా ఐరోపా రకాలు పూయాలంటే కొన్ని వారాల చలి అవసరం. అందువల్ల మనదేశంలో ఆ రకాల విత్తనోత్పత్తి హిమాచల్ ప్రదేశ్‌లోని కులూ లోయ వంటి చల్లని ప్రాంతాలలో జరుగుతుంది. ‘పూసా కేసర్’ వంటి ఉష్ణమండల రకాలకు అంత చలి అక్కరలేదు.

మనం విత్తనం అంటున్నది వృక్షశాస్త్రం ప్రకారం ఫలంలో ఒక సగం. ధనియాను నలిపితే రెండు బద్దలుగా విడిపోవడం అందరికీ తెలిసినదే. క్యారెట్ ఫలం కూడా పండిన తరువాత అలాగే రెండుగా విడిపోతుంది. ఈ బద్దల గోడలలో సన్నని నూనె నాళాలు ఉంటాయి. వామును అరచేతిలో నలిపినప్పుడు గుప్పుమనే వాసన ఇటువంటి నాళాలు చిట్లడం వల్లనే పుడుతుంది. క్యారెట్ సుగంధ తైలం ఉండేది ఈ నాళాలలోనే.

3. నూనె, తైలం – మాటల పరిశీలన:

‘నూనె’ అనే మాట నువ్వు, నెయ్యి అనే రెండు మాటల కలయిక. ‘తైలం’ అనే సంస్కృత పదం నువ్వులకు పేరైన ‘తిల’ శబ్దం నుంచి వచ్చింది. రెండు మాటలకూ పుట్టిల్లు నువ్వుగింజే. రెండూ మొదట జిడ్డుగల, ఆరిపోని కొవ్వు ద్రవాన్ని సూచించినవే. తరువాతి కాలంలో ఆవిరి ద్వారా తీసిన, కాగితంపై వేస్తే జిడ్డు మచ్చ దాదాపు మిగల్చకుండా ఎగిరిపోయే ద్రవాలకు కూడా వీటినే వాడుతున్నాం. రసాయనికంగా ఈ రెండు వర్గాలకూ పోలిక లేదు. మొదటిది కొవ్వు ఆమ్లాల సమ్మేళనం. రెండవది ప్రధానంగా టెర్పీన్లు అనే చిన్న అణువుల మిశ్రమం.

ఇంగ్లీషులోని ‘ఎసెన్షియల్ ఆయిల్’ అనే పేరును తెలుగు చేసేటప్పుడు మరొక పొరపాటు జరుగుతోంది. ఇందులోని విశేషణం ‘ఎసెన్స్’, అంటే సారం అనే అర్థం నుంచి వచ్చింది. మొక్క సారాన్ని ఆవిరి రూపంలో విడదీయవచ్చునన్న రసవాదుల భావన దాని వెనుక ఉంది. దీనిని ‘ముఖ్యమైన నూనె’, ‘ఆవశ్యక నూనె’ అని అనువదించడం వల్ల శరీరానికి తప్పనిసరిగా కావలసిన పోషకమన్న భ్రమ కలుగుతుంది. ‘ఆవశ్యక కొవ్వు ఆమ్లాలు’ అనే సరైన పారిభాషిక పదం ఇప్పటికే ప్రచారంలో ఉన్నందున ఈ భ్రమ మరింత బలపడుతుంది. లోపలికి తీసుకోదగిన ఆహారమని పాఠకుడు అనుకుంటే అది అతని తప్పు కాదు. ఈ కారణంగా ‘సుగంధ తైలం’ అనే పేరే యుక్తమైనది.

4. మూడు ద్రవ్యాలు – తయారీ, స్వభావం:

4.1. క్యారెట్ విత్తన సుగంధ తైలం:

ఎండిన విత్తనాలను కచ్చాపచ్చాగా నలిపి, వాటి గుండా నీటి ఆవిరిని పంపి, ఆ ఆవిరిని చల్లార్చి పైకి తేలిన తైలాన్ని వేరుచేస్తారు. ఇది లేత పసుపు నుంచి ముదురు తేనె రంగు వరకు ఉంటుంది. సాగు రకాల తైలంలో సాధారణంగా ప్రధానాంశం కెరోటాల్. ఇది 15 కార్బన్ పరమాణువులుగల సెస్క్విటెర్పీన్ ఆల్కహాల్. దీనితోపాటు డౌకాల్, డౌసీన్, బీటా బిసబోలీన్, ఆల్ఫా పైనీన్, సబినీన్ మొదలైనవి ఉంటాయి. అడవి క్యారెట్‌లోని కొన్ని జాతులలో కెరోటాల్‌కు బదులు జెరానిల్ అసిటేట్ అధికంగా ఉంటుంది. అందువల్ల ఒకే శాస్త్రీయ నామం ఉన్న రెండు సీసాల వాసన ఒకేలా ఉండకపోవచ్చు. గ్యాస్ క్రొమటోగ్రఫీ పరీక్ష ఫలితాన్ని అడగడం ఇందుకే అవసరం.

4.2. క్యారెట్ విత్తనాల గానుగ నూనె:

విత్తనాలను యంత్రంతో ఒత్తి తీసే కొవ్వు నూనె ఇది. ఇందులో పెట్రోసెలినిక్ ఆమ్లం అధికం. ధనియాల కొవ్వు నూనెలో కూడా ఇదే ఆమ్లం ప్రధానంగా ఉంటుంది. దీనిని చర్మ లేపనాలలో ఆధార నూనెగా వాడతారు.

4.3. క్యారెట్ దుంప కాచిన నూనె:

మన ఇళ్లలో మందార పూలను, గుంటగలగరాకును కొబ్బరినూనెలో కాచినట్లే, తురిమి ఆరబెట్టిన క్యారెట్ దుంపను పొద్దుతిరుగుడు, నువ్వుల వంటి నూనెలలో ఊరవేసి లేదా కాచి వడగడతారు. దుంపలోని బీటా కెరోటిన్ నూనెలో కరిగి నారింజ రంగునిస్తుంది.

ఇక్కడ పేర్ల పోలిక మరొక చిక్కు తెస్తుంది. 1831లో వాకెన్‌రోడర్ అనే జర్మన్ శాస్త్రవేత్త క్యారెట్ దుంప నుంచి వేరుచేసిన రంగు పదార్థానికి కెరోటిన్ అని పేరు పెట్టాడు. కెరోటాల్ అనే పేరు కూడా ‘కరోటా’ నుంచి వచ్చినదే. పేర్లు దగ్గరైనా పదార్థాలు దూరం. బీటా కెరోటిన్‌లో 40 కార్బన్ పరమాణువులు ఉంటాయి. అంత బరువైన అణువు నీటి ఆవిరితో పైకి లేవదు. కాబట్టి విత్తన సుగంధ తైలంలో బీటా కెరోటిన్ ఉంటుందని, దాని ద్వారా చర్మానికి ‘ఎ’ విటమిన్ అందుతుందని చెప్పే మాటకు స్వేదన ప్రక్రియే జవాబు.

5. పరిమళ రచనలో స్థానం:

పరిమళాలను కూర్చే విద్యను మన పూర్వులు ‘గంధయుక్తి’ అన్నారు. వరాహమిహిరుని బృహత్సంహితలో ఆ పేరుతో ఒక అధ్యాయమే ఉంది. కొద్దిపాటి ద్రవ్యాలను వేర్వేరు పాళ్లలో కలిపి లెక్కకు మిక్కిలి పరిమళాలను సాధించవచ్చునని అందులో గణితపరంగా నిరూపించబడింది. నేటి సహజ పరిమళకారుని పని కూడా మూలంలో అదే. ఆ పనిలో క్యారెట్ విత్తన తైలం ఎక్కడ ఉపకరిస్తుందో గమనించవచ్చు.

ఈ తైలాన్ని సీసాలోంచి నేరుగా వాసన చూస్తే నిరాశే కలుగుతుంది. మట్టి, ఎండిన వేరు, కొద్దిగా ఘాటు కలగలిసిన బరువైన వాసన అది. ఆల్కహాల్‌లో నూటికి పది పాళ్లకు, ఆపైన ఒక పాలుకు పలచన చేసి కాగితపు పట్టీపై వేసి చూస్తే స్వభావం బయటపడుతుంది. మొదట పైనీన్ వల్ల వచ్చే తాజాదనం తొందరగా తొలగిపోతుంది. తరువాత పొడి చెక్క, వేరు, మెత్తని తీపి మిగిలి చాలాసేపు నిలుస్తాయి. పరిమళ రచనలోని మధ్య స్థాయికీ, అడుగు స్థాయికీ మధ్య దీనిని వంతెనగా వాడటానికి ఈ నిలకడే కారణం.

దీని ప్రధాన ప్రయోజనం ఐరిస్ వేరు పరిమళానికి తోడు కావడం. ఇటలీలోని ఫ్లోరెన్స్ పరిసరాలు పేరుపొందిన ఐరిస్ దుంపవేర్లకు తవ్విన వెంటనే ఆ పరిమళం ఉండదు. ఎండబెట్టి కొన్నేళ్లు నిల్వ ఉంచితేనే ఐరోన్లు అనే సువాసన అణువులు ఏర్పడతాయి. అందువల్ల దాని ధర చాలా ఎక్కువ. క్యారెట్ విత్తన తైలంలోని వేరు వాసన, పొడి తీపి ఆ పరిమళాన్ని గుర్తుకు తెస్తాయి. కొద్దిపాటి ఐరిస్‌కు దీనిని జోడిస్తే ఆ ఛాయ విస్తరిస్తుంది. అంతమాత్రాన ఇది ఐరిస్‌కు పూర్తి ప్రత్యామ్నాయం కాదు. ఐరిస్‌లోని పొడిపొడి మృదుత్వం దీనికి లేదు.

దేవదారు, వట్టివేరు, చందనం, జెరేనియం, బెర్గమాట్ వంటి తైలాలతో ఇది పొందికగా కలుస్తుంది. వట్టివేరు మట్టి వాసనను ఇది వెచ్చబరుస్తుంది. జెరేనియం పూల తీపికి కొంత వేరు గుణాన్ని ఇస్తుంది. మోతాదు మాత్రం మితంగా ఉండాలి. మొత్తం మిశ్రమంలో నూటికి ఒకటి రెండు పాళ్లతో మొదలుపెట్టడం మేలు. ఎక్కువైతే కూరగాయ వాసన తలెత్తి మిగిలిన పరిమళాలను కప్పివేస్తుంది.

6. సుగంధ చికిత్సలో వినియోగం – వాదనల పరిశీలన:

‘అరోమాథెరపీ’ అనే మాటకు ప్రచారం కల్పించినవాడు ఫ్రెంచి రసాయనవేత్త రెనే మోరిస్ గాట్‌ఫోసే. ఆ పేరుతో ఆయన గ్రంథం 1937లో వెలువడింది. ఈ సంప్రదాయంలో క్యారెట్ విత్తన తైలాన్ని పొడిబారిన, ముడతలు పడుతున్న చర్మానికి మర్దన నూనెలలో కలుపుతారు. కాలేయాన్ని శుద్ధిచేస్తుందన్న మాట కూడా ఈ రంగపు పుస్తకాలలో తరచు కనిపిస్తుంది.

వీటిలో ఆధారం స్థాయిని వేరుచేసి చూడాలి. కెరోటాల్ కొన్ని శిలీంద్రాల పెరుగుదలను అడ్డుకుంటుందని ప్రయోగశాలలో గమనించారు. గాజుపాత్రలో కనిపించిన ఫలితం మనిషి చర్మంపై చికిత్సగా నిరూపణ కాదు. కాలేయ శుద్ధి అనే వాదనకు మనుషులపై జరిగిన చికిత్సా పరీక్షల బలం లేదు. మర్దన వల్ల చర్మం మెత్తబడితే అందులో ఆధార నూనెకూ, చేతి స్పర్శకూ ఉన్న వాటాను మరువరాదు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది ఈ తైలానికి 38 నుంచి 40 వరకు ఎస్‌పీఎఫ్ ఉందన్న ప్రచారం. దీనికి మూలంగా తరచు చూపే 2009 నాటి అధ్యయనంలో పరీక్షకు పెట్టినవి మూలికలు కలిసిన తయారీ లేపనాలు. అనేక పదార్థాలు కలిసిన లేపనానికి వచ్చిన సంఖ్యను అందులోని ఒక పదార్థానికి ఆపాదించడం తర్కదోషం.

ఎస్‌పీఎఫ్ కొలిచే పద్ధతిని గమనించినా ఈ ప్రచారం నిలబడదు. ఆ కొలతలో చదరపు సెంటీమీటరు చర్మంపై 2 మిల్లీగ్రాముల లేపనం పూస్తారు. పెద్దవారి శరీర వైశాల్యాన్ని 1.7 చదరపు మీటర్లుగా తీసుకుంటే ఒంటినిండా పూయడానికి 34 గ్రాములు కావాలి. సుగంధ తైలం సీసా సాధారణంగా 5 లేదా 10 మిల్లీలీటర్లది. అంత గాఢ తైలాన్ని ఎవరూ ఒంటికి పూయలేరు, పూయకూడదు. పలచన చేసి రాసుకుంటే చర్మంపై మిగిలేది ప్రధానంగా ఆధార నూనె. ఈ రాతను నమ్మి ఎండలో తిరిగినవారికి, పసిపిల్లలకు రాసినవారికి రక్షణ ఉందన్న భరోసా తప్ప రక్షణ ఉండదు.

7. వాడుకలో జాగ్రత్తలు:

ముఖానికి నూటికి ఒక పాలు మించకుండా పలచన చేయాలి. 30 మిల్లీలీటర్ల ఆధార నూనెకు సుమారు 6 చుక్కలు ఇందుకు సరిపోతాయి. ముందుగా మోచేతి లోపలి భాగంలో కొద్దిగా రాసి ఒక రోజు వేచి చూడాలి. లోపలికి తీసుకోరాదు. అడవి క్యారెట్ విత్తనాలను ఋతుస్రావం కోసం, గర్భనిరోధం కోసం వాడిన చరిత్ర ప్రాచీన గ్రీకు వైద్యం నుంచీ ఉంది. విత్తన సారాలు గర్భధారణకు అడ్డుపడినట్లు జంతువులపై జరిగిన ప్రయోగాలు కూడా సూచించాయి. కాబట్టి గర్భిణులు, గర్భం కోరుకునేవారు ఈ తైలానికి దూరంగా ఉండటం వివేకం. విత్తనాలు నాటడానికి అమ్మే పొట్లాలలోని గింజలకు శిలీంద్రనాశకాలు పట్టించి ఉండవచ్చు. వాటితో ఇంట్లో నూనె తీసే ప్రయత్నం చేయరాదు.

8. ముగింపు:

క్యారెట్ విత్తన సుగంధ తైలానికి పరిమళ రచనలో తిరుగులేని స్థానం ఉంది. చర్మ సంరక్షణలో పరిమితమైన, సంప్రదాయ బలంపై నడిచే స్థానం ఉంది. ఎండ నుంచి రక్షణలో స్థానం లేదు. ఈ మూడు తీర్పులనూ కలిపివేస్తున్నది ‘క్యారెట్ నూనె’ అనే ఒక్క మాట. తెలుగు రచయితలు, అనువాదకులు ‘క్యారెట్ విత్తన సుగంధ తైలం’, ‘క్యారెట్ విత్తనాల గానుగ నూనె’, ‘క్యారెట్ దుంప కాచిన నూనె’ అనే మూడు పేర్లను వేర్వేరుగా పాటించడం అవసరం. ఈ పేర్లలో మొక్కలోని భాగం, తీసిన పద్ధతి రెండూ వినగానే తెలుస్తాయి. కొత్త పదాలను సృష్టించే పని కూడా లేదు. గానుగ, కాచడం వంటి మాటలు మన వాడుకలో ఉన్నవే. వాము, నిమ్మగడ్డి, యూకలిప్టస్ తైలాల విషయంలోనూ ఇదే పద్ధతిని పరీక్షించి చూడవచ్చు. ఆరోగ్య విషయాల అనువాదాన్ని బోధించే తరగతులలో ఈ పేర్ల భేదాన్ని ఒక అభ్యాసంగా చేర్చడం ప్రయోజనకరం.