ల్యాప్‌టాప్‌కు జ్వరం: నేరం ఎండదా, ధూళిదా?

2016 జూలై 21న కువైట్ వాయవ్య ఎడారిలోని మిత్రిబా కేంద్రంలో 53.9 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత నమోదయింది. ఆసియా ఖండంలో నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత ఇదేనని ప్రపంచ వాతావరణ సంస్థ 2019లో ధ్రువీకరించింది. ఇటువంటి దేశంలో ల్యాప్‌టాప్ సలసల కాగి ఉన్నట్టుండి ఆగిపోతే "ఎండలు అలా ఉన్నాయి మరి" అని సరిపెట్టుకోవడం సహజమే. కాని ఆ యంత్రం పనిచేసేది ఎడారిలో కాదు. అబ్బాసియాలోనో సాల్మియాలోనో, ఏ.సి. 24 డిగ్రీల మీద నడుస్తున్న గదిలో. బయటి ఎండ దానికి తెలియనే తెలియదు. జ్వరం వ్యాధి కాదు, వ్యాధి లక్షణం మాత్రమేనని వైద్యులు చెప్పే మాట యంత్రాలకు కూడా వర్తిస్తుంది.

ల్యాప్‌టాప్ వాడుకొనే విద్యుత్తు దాదాపు అంతా చివరికి వేడిగానే మారుతుంది. అందులో పెద్ద వాటా ప్రాసెసరుది. గోరంత సిలికాన్ పలక మీద 15 నుండి 45 వాట్ల వరకు వేడి పుడుతుంది. సుమారు 100 డిగ్రీలకు చేరగానే ప్రాసెసరు తన వేగాన్ని తానే తగ్గించుకొంటుంది. అప్పటికీ చల్లబడకపోతే యంత్రం ఆగిపోతుంది. కనుక ఆగిపోవడం చెడిపోవడం కాదు, ఆత్మరక్షణ.

ఈ వేడిని బయటకు మోసుకుపోయేది ఒక రాగి గొట్టం. చూపులకు మామూలు తీగలా ఉన్నా దాని కడుపులో గాలి తీసివేసిన శూన్యం, కొద్దిపాటి నీరు ఉంటాయి. పీడనం తక్కువ కావడం వలన ఆ నీరు తక్కువ వేడికే ఆవిరై, గొట్టం రెండవ కొసకు పరుగెత్తి, అక్కడ మళ్ళీ నీరై, మోసుకొచ్చిన గుప్తోష్ణాన్ని వదలివేస్తుంది. ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడు చేతికి తగిలిన ఆవిరి మరిగే నీటికన్న ఎక్కువగా కాల్చడానికి కారణమైన గుప్తోష్ణమే ఇదీ. ఆ చివర పలుచని లోహపు రెక్కలు, వాటి గుండా గాలిని తోసే ఫ్యాను ఉంటాయి.

గది వేడి పాత్ర ఎంత? వేడి ప్రవాహం రెండు చోట్ల ఉష్ణోగ్రతల తేడాను బట్టి ఉంటుంది. ప్రాసెసరు 100 డిగ్రీల వద్ద, గది 24 డిగ్రీల వద్ద ఉంటే తేడా 76. ఏ.సి. ఆగి గది 40కి చేరితే తేడా 60. అనగా చల్లబడే శక్తిలో దాదాపు ఐదవ వంతు తగ్గుతుంది. తక్కువేమీ కాదు. కాని ఏ.సి. గదిలో కూడా యంత్రం కాగుతూ ఉంటే నేరస్థుడు మరొకడు.

ఆ నేరస్థుడు చాలాసార్లు స్థానికులు 'తోజ్' అని పిలిచే ధూళే. వేసవిలో వాయవ్యం నుండి వీచే షమాల్ గాలి దీనిని మోసుకువస్తుంది. 2022 మే నెలలో ధూళి తుఫానుల వలన కువైట్ విమానాశ్రయంలో రాకపోకలు సైతం కొంతసేపు నిలిచిపోయాయి. కిటికీలు ఎంత బిగించినా సన్నని రేణువులు లోపలికి రాక మానవు. ఇందులో ముఖ్యంగా ఉండేవి ఇసుక రేణువులు, సున్నపురాతి పొడి. సముద్రతీరం కనుక వాటితో పాటు లవణాలు. పడకగది దుప్పట్ల నూలు పీచు, వంటింటి నుండి వచ్చే పోపు నూనె ఆవిరి వీటికి తోడైతే రెక్కల మధ్య చక్కని నెమ్మి తయారవుతుంది. ఫ్యాను అరుస్తూనే ఉంటుంది, గాలి మాత్రం బయటకు రాదు. ఆగస్టులో ఆగ్నేయం నుండి తేమగాలి వీచినప్పుడు మరొక చిక్కు. మెగ్నీషియం క్లోరైడు వంటి లవణం గాలిలో 33 శాతం తేమ ఉన్నా నీటిని పీల్చుకొని కరగుతుంది; మామూలు ఉప్పుకు 75 శాతం కావాలి. సర్క్యూటు పలక మీద ఇటువంటి తడి ఉప్పు విద్యుత్తుకు దొంగదారి చూపుతుంది.

యంత్రాన్ని విప్పక ముందే, చెవితోను చేతితోను సగం రోగనిర్ణయం చేయవచ్చు. ఫ్యాను గట్టిగా మోగుతూ, బయటకు వచ్చే గాలి బలహీనంగా, మిక్కిలి వేడిగా ఉంటే రెక్కలు పూడుకొన్నట్లు. గాలి ధారాళంగా, చల్లగానే వస్తున్నా ప్రాసెసరు ఉష్ణోగ్రత 95 చూపుతుంటే, వేడి అసలు రెక్కల దాకా చేరడం లేదని అర్థం. ప్రాసెసరుకు, రాగికి మధ్య పూసిన థర్మల్ పేస్టు ఎండిపోయి ఉంటుంది. ఫ్యాను చప్పుడే లేకుంటే ఫ్యానే పోయింది. ఏ పనీ చేయకుండానే కాగుతుంటే టాస్క్ మేనేజర్‌లో ఏ ప్రోగ్రాము ప్రాసెసరును తినేస్తున్నదో చూడాలి. పరుపు మీద పెట్టి వాడే పిల్లల విషయంలో ఇన్ని పరీక్షలు అనవసరం. గాలి రంధ్రాలను పరుపే మూసివేస్తున్నది.

శుభ్రం చేసేటప్పుడు యంత్రాన్ని ఆపి, ఛార్జరు తీసి, ఫ్యాను గిర్రున తిరగకుండా చీపురుపుల్లతో ఆపి, గాలి డబ్బాతో కొద్దికొద్దిగా ఊదాలి. డబ్బాను నిటారుగానే పట్టుకోవాలి. చాలా డబ్బాలలో ఉండేది డైఫ్లోరో ఈథేన్. దానికి మండే గుణం ఉన్నది కనుక వేడిగా నడుస్తున్న యంత్రం మీద ప్రయోగించరాదు. థర్మల్ పేస్టు సాధారణంగా సిలికోన్ నూనెలో జింక్ ఆక్సైడు వంటి పొడి కలిపిన ముద్ద. ఏళ్ళ తరబడి వేడికి నూనె పక్కలకు జారి, పొడి మిగిలి, సందులలో గాలి చేరుతుంది. రాగితో పోలిస్తే గాలి ఉష్ణవాహకత సుమారు 15,000 రెట్లు తక్కువ. పాతదానిని 90 శాతానికి పైబడిన ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, పెసరగింజంత కొత్త పేస్టు వేస్తే చాలు. అత్తరు, చేతులకు రాసుకొనే శానిటైజరు పనికిరావు. వాటిలోని నూనెలు, గ్లిసరిన్ అక్కడే ఉండిపోతాయి. ఇక ల్యాప్‌టాప్‌ను ఫ్రిజ్‌లో పెట్టే ఘనులు కూడా లేకపోలేదు. బయటకు తీయగానే లోపలంతా మంచు పట్టినట్లు నీరు చెమ్మగిల్లుతుంది.

వేడి వెనుకవైపు గాలి రంధ్రాల వద్ద కాక, చేతులు ఆనించే చోట, అందులోనూ ఛార్జింగు సమయంలో తెలుస్తుంటే అది వేరే సంగతి. అక్కడ ఉన్నది లిథియం అయాన్ బ్యాటరీ. దీనికి తొలి బీజం పడింది 1970లలో, ఎక్సాన్ అనే చమురు కంపెనీ ప్రయోగశాలలో, స్టాన్లీ విటింగ్‌హామ్ చేతుల మీదుగా. చమురు సొమ్ముతో పెరిగిన దేశంలో ఉన్నవారికి ఈ సంగతి కాస్త చిత్రంగా తోచవచ్చు. 2019లో ఆయన గుడెనఫ్, యోషినోలతో కలిసి రసాయనశాస్త్ర నోబెల్ పొందారు. ఈ బ్యాటరీలోని కార్బనిక ద్రావణి వేడికి నెమ్మదిగా విఘటనం చెంది వాయువులనిస్తుంది. టచ్‌ప్యాడ్ పైకి లేవడం, మూత సరిగా పడకపోవడం ఆ ఉబ్బుకు గుర్తులు. అటువంటి యంత్రాన్ని వెంటనే ఆపివేయాలి, ఛార్జింగు పెట్టరాదు, గుచ్చరాదు, విమానంలో ఇంటికి తీసుకుపోరాదు. 2024 జూన్ 12న మంగఫ్‌లోని ఆరంతస్తుల భవనంలో చెలరేగిన మంటలకు 45 మంది భారతీయులు బలయ్యారు. వారిలో ఆంధ్రులూ ఉన్నారు. దానికి కారణం ల్యాప్‌టాప్ కాదు. కాని ఇరుకు గదులలో, నిద్రవేళ, చిన్న నిప్పు ఎంతటిదవుతుందో ఆ రాత్రి చూపింది.

బయటి ఎండ నిజంగా నేరస్థుడయ్యే సందర్భం మరొకటి ఉన్నది. సెలవులకు కడపకో రాజమండ్రికో బయలుదేరుతూ పాత ల్యాప్‌టాప్‌ను నిండా ఛార్జి చేసి, బీరువాలో పెట్టి, ఏ.సి. కట్టివేసి పోతారు. మూసిన ఫ్లాటు జూలైలో 40 డిగ్రీలు దాటడం పెద్ద విశేషం కాదు. ఆ వేడిలో నూరు శాతం ఛార్జితో ఏడాది నిల్వ ఉంచితే బ్యాటరీ శక్తిలో సుమారు 35 శాతం నశిస్తుందని, 40 శాతం ఛార్జితో ఉంచితే నష్టం 15 శాతం దగ్గర ఆగుతుందని సాధారణంగా ఉటంకించే లెక్క. కనుక ప్రయాణానికి ముందు రోజు సగానికి కొంచెం దిగువకు ఛార్జి దించి, పూర్తిగా ఆపి, కిటికీకి దూరంగా ఉన్న లోపలి గదిలో ఉంచాలి. కారు డిక్కీలో మాత్రం వద్దు.