పెద్ద యాట్ అయితేనే క్షేమమా?

ఇంగ్లండ్ దక్షిణ తీరంలో, సౌతాంప్టన్ పక్కన హాంబుల్ నది పొడవునా తెరచాప యాట్లు వందల్లో కట్టేసి ఉంటాయి. వాటిలో చాలావాటి తాళ్లకు నాచు పట్టింది. సెలవు రోజున, చక్కటి గాలి ఉన్న పూట కూడా అవి కదలవు. మాకు తెలిసిన తెలుగు దంపతుల యాట్ అందులో ఒకటి. నలభై అడుగులది. "చిన్నది సముద్రానికి ఆగదు, పెద్దదే తీసుకోండి" అని అమ్మినవాళ్లూ తోటివాళ్లూ ఒకే మాట చెప్పారు. మూడోసారి తిరిగొస్తుంటే పక్కగాలి యాట్‌ను జట్టీ మీదికి నెట్టింది. చేత్తో ఆపబోయిన ఆవిడ వేళ్లు రెండు నలిగాయి. ఏడాదైంది, ఆ యాట్ మళ్లీ రేవు దాటలేదు.

"పెద్దదైతే క్షేమం" అనే ఈ ఒక్క మాట ఎంతమందిని సముద్రానికి దూరం చేస్తోందో చూస్తుంటే కోపం వస్తుంది.

పొడవు ఒకటిన్నర రెట్లయితే బరువూ ఒకటిన్నర రెట్లే అవుతుందనుకుంటారు. కానీ పొడవుతో పాటు వెడల్పూ లోతూ పెరుగుతాయి. 26 అడుగుల యాట్ సుమారు 3 టన్నులుంటే, 40 అడుగులది 8, 9 టన్నులకు చేరుతుంది. మెల్లగా వచ్చే 3 టన్నులను ఒక మనిషి తాడు చుట్టి నిలవరించగలడు. 8 టన్నులు కదిలొస్తుంటే ఎవరూ చెయ్యి అడ్డం పెట్టకూడదు. తెరచాప కూడా రెండింతలు దాటుతుంది. గాలి హెచ్చినప్పుడు దాన్ని కుదించాల్సింది ఆ ఇద్దరే. రేవు అద్దె, క్రేనుతో ఒడ్డుకెత్తే ఖర్చు మీటర్ల లెక్కన పడతాయని కొనేముందు ఎవరూ చెప్పరు.

పెద్దదైతే క్షేమమన్న నమ్మకానికి సాక్ష్యంగా 1979 ఫాస్ట్‌నెట్ యాట్ల పందేన్ని చూపిస్తారు. 303 యాట్లు బయల్దేరిన ఆ పందెంలో తుపాను 15 మంది పోటీదారులను బలిగొంది. చిన్న యాట్లకే ఎక్కువ దెబ్బ తగిలిందన్నదీ నిజమే. కానీ ఆ పందెంలోని అతి చిన్న తరగతిలో గమ్యం చేరిన ఒకే ఒక్క యాట్ 'అసెంట్' 32 అడుగులదే. సిబ్బంది వదిలేసి వెళ్లిన 24 యాట్లలో ఎక్కువ భాగం తర్వాత తేలుతూనే దొరికాయి. యాట్ తేలుతున్నంతసేపూ దాన్ని విడవకూడదన్నది అక్కడ నేర్వాల్సిన పాఠం. పైగా అది నడిసంద్రంలో వచ్చిన తుపాను. ఆదివారం ఐల్ ఆఫ్ వైట్ దీవిలోని కౌస్ దాకా వెళ్లి భోంచేసి వచ్చేవాళ్లు వాతావరణ సూచన విని ఇంట్లో ఉండిపోవచ్చు.

మనవాళ్లు 'తారిణి' పేరు కూడా ఎత్తుతారు. 2017-18లో భూమిని చుట్టొచ్చిన ఆ 56 అడుగుల నావను నడిపింది ఆరుగురు నౌకాదళ అధికారిణులు. వాళ్లలో విశాఖకు చెందిన స్వాతి, హైదరాబాద్‌కు చెందిన ఐశ్వర్య ఉన్నారు. ఏళ్ల తరబడి శిక్షణ పొందిన పన్నెండు చేతులున్నాయి అక్కడ.

ఇద్దరికి సుఖంగా ఉండే యాట్ ఎలా ఉంటుందో వెస్టర్లీ సెంటార్ చూపిస్తుంది. 1969లో వచ్చింది, రెండు వేలకు పైగా తయారయ్యాయి. 26 అడుగుల్లోనే నిలబడేంత ఎత్తు, పొయ్యి, పడకలు, డీజిల్ ఇంజిన్. యాట్‌ను నిటారుగా నిలిపే బరువైన కీల్ అడుగున ఒకటికి బదులు రెండున్నాయి, నీటి కింద లోతు మూడడుగులే. పోటు తీశాక బురద మీద నిటారుగా కూర్చుంటుంది. ఐల్ ఆఫ్ వైట్‌లోని న్యూటౌన్ పాయల్లో, లోతు కీల్ ఉన్నవి రాలేని మూలకు వెళ్లి, నీళ్లు తగ్గాక పక్షుల మధ్య టీ తాగిన సాయంత్రాలు నాకు చాలా ఉన్నాయి.

రెండు కీల్స్ ఉన్నది ఎదురుగాలికి సరిగా నడవదంటారు. ఇష్టం లేకపోయినా ఇది ఒప్పుకోవాలి. లోతైన ఒక్క కీల్ ఉన్న యాట్ పక్కన అది వెనకబడుతుంది. ఓ గంట ముందు బయల్దేరండి.

ఇంకొన్ని అపోహలూ ఉన్నాయి. యాట్ పక్కకు వంగితే బోల్తా పడుతుందా? అడుగున కీల్ బరువుంది, వంగేకొద్దీ అదే లేవనెత్తుతుంది. కోటీశ్వరులకే సాధ్యమా? పాత సెంటార్ పాత కారు ధరకు దొరుకుతుంది. ఈత వస్తే లైఫ్ జాకెట్ అక్కర్లేదా? అక్కడి చల్లటి నీళ్లలో పడ్డ మొదటి నిమిషాల్లోనే ఊపిరి అందదు. గజ ఈతగాడైనా వేసుకోవాల్సిందే.

పాత సెంటార్ కొనేవాళ్లు దాన్ని ఒడ్డుకెత్తించి, కీల్స్ అడుగుకు అతికే చోట పగుళ్లు, తుప్పు చారలు ఉన్నాయేమో చూడాలి. ఆ చోటును బలపరిచారా అని అడగాలి. ఆ తర్వాత అమ్మేవాళ్లతో కలిసి ఓసారి సముద్రం మీదికి వెళ్లండి. తెరచాప కుదించడం, యాట్‌ను జట్టీకి కట్టడం మీలో ఒక్కరే చేసి చూడండి. రెండోవాళ్లకు వాంతులు పట్టుకున్న రోజున అంతా ఆ ఒక్కరే చేయాలి. చేతకాకపోతే ఇంకా చిన్నది వెతకండి.

ఆవిడ వేళ్లు నయమయ్యాయి. వచ్చే నెల ఇద్దరూ మా సెంటార్‌లో కౌస్ దాకా వస్తామన్నారు. తిరుగు ప్రయాణంలో జట్టీ దగ్గర చుక్కాని ఆవిడ చేతికే ఇస్తాను.